పర్లాకిమిడి నేర్పే పాఠం

పాఠశాల కాలపట్టికలో తెలుగు ఒక పీరియడు, చరిత్ర ఒక పీరియడు, పౌరశాస్త్రం మరొక పీరియడు. గంట మ్రోగగానే ఒక పుస్తకం మూసి మరొక పుస్తకం తెరవడం విద్యార్థికి అలవాటు. పద్యం సంస్కృతికి చెందినదనీ, వివాహవ్యవస్థ సమాజానికి చెందినదనీ, శాసనసభ రాజకీయానికి చెందినదనీ అతడు వేరువేరుగా నేర్చుకుంటాడు. జీవితంలో ఈ మూడూ వేర్వేరు గదుల్లో ఉండవు. ఒక పిల్లవాడు పరీక్ష పత్రంలో ఏ భాషలో, ఆ భాషలోని ఏ శైలిలో జవాబు వ్రాయాలన్న చిన్న ప్రశ్నలో కూడా ఈ మూడూ పెనవేసుకొని ఉంటాయి. ఈ సత్యాన్ని నిర్వచనాలతో బోధిస్తే పిల్లలు కంఠస్థం చేస్తారు. ఒక ఊరి కథగా చెబితే గ్రహిస్తారు.

స్వరాష్ట్రానికి వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి పిల్లలకు ఇట్టి బోధనకు పర్లాకిమిడికి మించిన ఉదాహరణ అరుదు. నేడు అది ఒడిశా రాష్ట్రంలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఆ ఊరికి కూతవేటు దూరంలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పాతపట్నం ఉంది. ఇక్కడి మాటలో తెలుగూ ఒడియా కలిసి వినిపిస్తాయి. కొండ ఎక్కితే సవర భాష వినిపిస్తుంది. 1936 వరకు ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో భాగం. ఆ జమీందారీ రాజధానిలో ఒక చరిత్రోపాధ్యాయుని జీవితం ఆధారంగా, సంస్కృతి, సమాజం, రాజకీయం అనే మూడు పాయల సంగమాన్ని విద్యార్థులకు చూపవచ్చును.

ముప్పై రూపాయల ఉపాధ్యాయుడు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన గల పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారితో స్నేహం అక్కడే ఏర్పడింది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారానికి చరిత్ర బోధించే ఉద్యోగం, నెలకు 30 రూపాయల జీతం మీద, వారికి లభించింది. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి, చరిత్ర ప్రధానాంశంగా పట్టభద్రులయ్యారు. 1911లో పదవి విరమించే వరకు మూడు దశాబ్దాలు అక్కడే పనిచేశారు.

వారు పాఠ్యపుస్తకానికే పరిమితమైన చరిత్రోపాధ్యాయులు కారు. ముఖలింగం ఆలయాల గోడల మీది శాసనాలను చదవడానికి ప్రాచీన లిపులను స్వయంకృషితో నేర్చుకున్నారు. తూర్పు గాంగులు ఏలిన కళింగ దేశపు ఆనవాళ్ళు అవి. ఆ వంశానికే చెందిన అనంతవర్మ చోడగంగదేవుడు 12వ శతాబ్దిలో పూరీ జగన్నాథ ఆలయ నిర్మాణానికి పూనుకున్నాడు. వంశధార తీరాన వర్ధిల్లిన రాజ్యం మహానది తీరానికి విస్తరించిన ఈ చరిత్రను గుర్తుంచుకుంటే, తెలుగు, ఒడియా సంస్కృతుల నడుమ నేడు కనిపించే గీత ఎంత ఇటీవలిదో విద్యార్థికి బోధపడుతుంది.

బడి భాష, ఇంటి భాష

1907లో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చారు. తెలుగు తరగతులలో పండితులు బోధించే భాష, పిల్లలు ఇంట మాట్లాడే భాష వేరువేరుగా ఉండడం ఆయనకు వింతగా తోచింది. ఈ సందేహాన్ని తీర్చగలవారు గురజాడ, గిడుగులేనని విశాఖపట్నంలో కళాశాలాధ్యక్షులుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు సూచించారు. ఆ ప్రశ్నతో వ్యావహారిక భాషోద్యమానికి బీజం పడింది.

పైకి చూస్తే ఇది వ్యాకరణ చర్చ. లోతుకు పోతే ఇది సామాజిక ప్రశ్న. కావ్యభాషలో తప్పులేకుండా వ్రాయడానికి చిరకాలపు శిక్షణ కావాలి. తరతరాలుగా పుస్తకం ఉన్న ఇంటి పిల్లవానికి ఆ శిక్షణ ఉగ్గుపాలతో అందవచ్చు. తొలిసారి బడిగడప తొక్కిన కాపు పిల్లవానికీ, నేత పిల్లవానికీ, ఆడపిల్లకూ అది అందదు. వాడు తనకు తెలిసిన విషయాన్ని సైతం వ్రాయలేక తప్పిపోతాడు. గ్రాంథికమే పరీక్షాభాషగా ఉన్నంతకాలం చదువు కొద్దిమంది చేతిలోనే ఉంటుందన్నది గిడుగువారి వాదసారం. గ్రాంథిక పక్షం వారి భయాన్నీ విద్యార్థులకు న్యాయంగా వివరించాలి. జిల్లాకొక తీరుగా ఉన్న వాడుకను ప్రమాణంగా తీసుకుంటే భాషకు ఐక్యత చెడుతుందనీ, నన్నయ నాటి నుండి వస్తున్న సాహిత్యం రాబోయే తరాలకు దూరమవుతుందనీ వారు భావించారు. జయంతి రామయ్య పంతులుగారి వంటి విద్వాంసులు ఆ పక్షాన నిలిచారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసింది.

ఇక రాజకీయం ఎక్కడుంది? నిర్ణయాధికారంలో ఉంది. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని 1912-13 ప్రాంతంలో మద్రాసులో ఉత్తర్వు వెలువడింది. పండితలోకంలో అలజడి రేగింది. సభలు, మహజర్లు, పత్రికా లేఖలు సాగాయి. 1914లో గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. చివరకు పాత పద్ధతే నిలిచింది. ఒక పిల్లవాని కలం ఏ క్రియాపదం వ్రాయాలో వందల మైళ్ళ దూరాన, ఎక్కువ భాగం ఇంగ్లీషులో వ్యవహరించే సంఘాలలో నిర్ణయమైంది. ఆ సంఘాలలో ఆ పిల్లవాని తల్లిదండ్రులకు స్థానం లేదు.

పంతులుగారు వెనుకంజ వేయలేదు. 1919లో 'తెలుగు' అనే మాసపత్రికను స్థాపించి తమ వాదాన్ని వినిపించారు. గ్రాంథికవాదుల రచనలలోనే వాడుక రూపాలు దొర్లడాన్ని ఎత్తి చూపుతూ, ప్రాచీన గ్రంథాల నుండే ఆధారాలు సేకరించారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారిక భాషపై నిషేధాన్ని తొలగించింది. అయినను విశ్వవిద్యాలయాల తలుపులు పూర్తిగా తెరుచుకోవడానికి మరి నాలుగైదు దశాబ్దాలు పట్టింది. నేటి విద్యార్థి తన మాటకు దగ్గరగా ఉన్న తెలుగులో జవాబు వ్రాస్తున్నాడంటే, ఆ సౌలభ్యం వెనుక ఇంతటి పోరాటం ఉంది.

1897 నాటి రెండు రచనలు

భాష మారాలన్న కోరిక సమాజం మారాలన్న కోరికతో జంటగా పుట్టింది. గురజాడవారి కన్యాశుల్కం 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. దాని ఆంగ్ల పీఠికలో ఆనాటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి సేకరింపజేసిన ఆ లెక్కలో 1,034 వివాహాలు నమోదయ్యాయి. వాటిలో పెండ్లికూతుళ్ళ వయసు 99 పెండ్లిండ్లలో 5 ఏళ్ళు, 44 పెండ్లిండ్లలో 4 ఏళ్ళు, 36 పెండ్లిండ్లలో 3 ఏళ్ళు. ఏడాది వయసు గల శిశువులు ముగ్గురు. చట్టం ద్వారా ఈ దురాచారాన్ని అరికట్టడానికి మహారాజు చేసిన ప్రయత్నం నెరవేరలేదు. చట్టం చేయలేని పనికి నాటకం పూనుకున్నది. నాటకం జనానికి చేరాలంటే జనం మాటలోనే ఉండాలి. అందువల్ల అది వాడుక భాషలో వెలువడింది. రాజ్యం, ఆచారం, కళ ఒకే పుస్తకంలో ఎట్లు కలుస్తాయో చూపడానికి ఇంతకన్న తేటతెల్లమైన నిదర్శనం ఏమి కావాలి?

అదే 1897లో ఒడియా సాహిత్యంలోనూ ఒక కొత్త యుగం మొదలైంది. ఫకీర్ మోహన్ సేనాపతి రచించిన 'ఛ మాణ ఆఠ గుంఠ' నవల ఆ సంవత్సరమే పత్రికలో ధారావాహికగా ప్రారంభమైంది. ఆరు ఎకరాల పైచిలుకు భూమి కోసం ఒక నేతగాని కుటుంబాన్ని జమీందారు నాశనం చేసిన కథ అది. పల్లెజనం మాట్లాడే ఒడియా ఆ నవలకు ప్రాణం. ఒకరినొకరు అనుకరించకుండానే, పొరుగు భాషల ఇద్దరు మహారచయితలు ఒకే కాలంలో ఒకే మార్గం తొక్కారు. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి బోధించే అవకాశం రెండు భాషల నడుమ పెరిగే పిల్లలున్న పాఠశాలలకు ప్రత్యేకంగా లభించిన వరం.

సరిహద్దు గీసిన నాడు

ఒడియావారి ఆవేదనను అర్థం చేసుకోకుండా పర్లాకిమిడి కథ పూర్తికాదు. బ్రిటిషు పాలనలో ఒడియా మాట్లాడే ప్రాంతాలు బెంగాలు, మద్రాసు, మధ్య పరగణాల మధ్య చీలిపోయి ఉండేవి. ప్రతిచోటా వారు అల్పసంఖ్యాకులే. 1870లో బాలాసోరులోని ఒక బెంగాలీ ఉపాధ్యాయుడు ఒడియా స్వతంత్ర భాష కాదని పుస్తకమే వ్రాశాడు. బడులలో ఒడియాకు బదులు బెంగాలీ బోధించాలన్నది దాని వెనుక ఉన్న ఉద్దేశం. 1895లో సంబల్పూరు ప్రాంతంలో కచేరీల నుండి ఒడియాను తొలగించి హిందీని ప్రవేశపెట్టే నిర్ణయం జరిగింది. 1903లో గాని అది రద్దు కాలేదు. అదే ఏడాది మధుసూదన్ దాస్ ప్రభృతుల నాయకత్వంలో ఉత్కళ సమ్మేళనం ప్రారంభమైంది. పదేళ్ళకు, 1913లో, బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. మద్రాసు రాజధానిలో తమ భాషకు తగిన స్థానం లేదన్నదే తెలుగువారి బాధ కూడా. రెండు ఉద్యమాలకూ పుట్టుక ఒకే వేదనలో ఉంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, రెండు భాషలూ కలిసి బ్రతుకుతున్న గంజాం వంటి జిల్లాలో.

పర్లాకిమిడి పట్టణంలోనూ చుట్టుపట్ల గ్రామాలలోనూ తెలుగువారే అధికులని తెలుగు నాయకులు వాదించారు. సంస్థానాధీశుల వంశమూ సంప్రదాయమూ ఒడియావని ఒడియా నాయకులు వాదించారు. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి రౌండ్ టేబుల్ సమావేశంలో పాల్గొని ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం కోసం గట్టిగా పట్టుబట్టారు. జనాభా లెక్కలలో మాతృభాష ఏదని వ్రాసే ఒక చిన్న గడి ఆ రోజులలో పెద్ద వివాదాంశమైంది. రెండు భాషలూ సమానంగా మాట్లాడే ఇంటివారు ఆ గడిలో ఏమి వ్రాయాలి? లెక్క వ్రాసే గుమాస్తా ఏ భాషవాడు? ఈ ప్రశ్నలు విద్యార్థుల ముందుంచితే, అంకె కూడా చరిత్రకు అతీతం కాదని వారే గ్రహిస్తారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం అవతరించింది. పర్లాకిమిడి పట్టణమూ, జమీందారీలో కొంత భాగమూ ఒరిస్సాలో చేరాయి. మిగిలిన భాగం మద్రాసు రాజధానిలోనే నిలిచింది. ఈ విలీనాన్ని వ్యతిరేకించిన తెలుగువారికి నాయకత్వం వహించిన గిడుగువారు అప్పటికి 72 ఏళ్ళ వృద్ధులు. కొత్త రాష్ట్రం ప్రారంభోత్సవం జరిగే రోజున ఆ ఊరిలో ఉండడానికి మనసొప్పక, ఆ ఉదయమే పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. యాభై ఏళ్ళకు పైగా తమ జీవితాన్ని ధారపోసిన ఊరది. 1940 జనవరి 22న కన్నుమూసే వరకు వారు పర్లాకిమిడిని మళ్ళీ నివాసం చేసుకోలేదు. కృష్ణచంద్ర గజపతి 1937లో ఒరిస్సా తొలి ప్రధానమంత్రి అయ్యారు. ఒక పక్షం చరిత్రలో నిరసనతో ఊరు విడిచిన మహనీయుడు, మరొక పక్షం చరిత్రలో రాష్ట్ర నిర్మాత. ఇద్దరిదీ ఒకే ఊరు. ఇద్దరూ చదువును పోషించినవారే. వీరిలో ఒకరిని నాయకునిగానూ మరొకరిని ప్రతినాయకునిగానూ చిత్రిస్తే పిల్లలకు కథ తెలుస్తుంది గాని చరిత్ర తెలియదు.

లెక్కకు రాని మూడవ భాష

ఈ రెండు పక్షాల వాగ్వాదంలో కొండల మీది సవరల గొంతు దాదాపు వినిపించలేదు. సవర భాష తెలుగువలె ద్రావిడ భాష కాదు, ఒడియావలె ఆర్యభాష కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. సంతలో సవరలు తెలుగుతోనో ఒడియాతోనో నెట్టుకురావాలి. కచేరీలో వారి మాటకు దుబాసీ కావాలి. దుబాసీ చెప్పినదే సాక్ష్యం, షావుకారు వ్రాసినదే పత్రం.

ఈ అన్యాయాన్ని గుర్తించినవారిలో గిడుగువారు అగ్రగణ్యులు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక వ్యక్తిని ఇంట ఉంచుకొని ఆ భాషను అభ్యసించారు. సవరలో వాచకాలు రచించి, సొంత ఖర్చుతో బడులు నడిపి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం ప్రతిఫలం ఇవ్వజూపితే, ఆ సొమ్ముతో సవరలకు ఒక మంచి బడి పెట్టమని కోరారు. 1913లో వారికి రావుబహద్దూరు బిరుదు లభించింది. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. తన భాషకు కోరిన న్యాయాన్ని పొరుగువాని భాషకు కూడా చేయడంలోనే వారి గొప్పతనం ఉంది. తెలుగు పిల్లవానికి ఇంటి భాషలో చదువు కావాలన్న వాదమూ, సవర పిల్లవానికి సవరలో బడి కావాలన్న వాదమూ వారి దృష్టిలో ఒక్కటే.

చరిత్రలోని మరొక విశేషం గమనింపదగినది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన 1936లోనే మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు 'సొరాంగ్ సొంపెంగ్' అనే స్వంత లిపిని రూపొందించారు. ఆ లిపి సవరలలో మతారాధనతో ముడిపడి, నేటికీ నిలిచి ఉంది. సరిహద్దు చర్చలో తమకు చోటు దక్కని జనం అక్షరం ద్వారా తమ ఉనికిని చాటుకున్నారు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దిలో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ సవర పిల్లలకు ప్రాథమిక తరగతులలో మాతృభాషలో బోధనను ప్రవేశపెట్టాయి. గిడుగువారు కోరిన దానికి ప్రభుత్వాలు చేరుకోవడానికి ఇంచుమించు వందేళ్ళు పట్టింది.

తరగతి గదిలో

పర్లాకిమిడి కథను బోధించే ఉపాధ్యాయుడు ప్రతి ఘట్టం వద్ద మూడు ప్రశ్నలు వేయవచ్చును. ఇది ఎవరి మాట? దీనివల్ల ఎవరికి చదువో కూడో దక్కింది, ఎవరికి దక్కలేదు? నిర్ణయించినవారు ఎవరు? మొదటిది సంస్కృతిని, రెండవది సమాజాన్ని, మూడవది రాజకీయాన్ని స్పృశిస్తుంది. ఒకదానికి జవాబు చెప్పబోతే తక్కిన రెండూ వెంటనే ఎదురవుతాయి. ఆ ఎదురుపాటే అసలు పాఠం.

ఆ తరువాత పిల్లలు తమ ఊరికి రావచ్చు. తాతగారు ఏ బడిలో ఏ లిపి దిద్దారు? అమ్మమ్మ సంతలో ఏ భాషలో బేరమాడుతుంది, దేవుని గదిలో ఏ భాషలో మ్రొక్కుతుంది? ఇంటి దస్తావేజు ఏ లిపిలో ఉంది, ఏ సంవత్సరం నుండి మారింది? పిల్లలు సేకరించిన జవాబులను తరగతిలో వరుసగా పేర్చితే ఒక శతాబ్దపు చరిత్ర నల్లబల్ల మీదికి వస్తుంది. ఇతర భాషల సహవిద్యార్థులను కూడా ఇవే ప్రశ్నలు అడిగి తెలుసుకోవడం మరింత మేలు. తన ఇంటి కథ వంటిదే పొరుగింటిలోనూ ఉందని తెలిసిన పిల్లవాడు ద్వేషానికి సులభంగా లోనుకాడు.

తల్లిదండ్రులలో ఒక సంకోచం సహజం. భాష పేరిట జరిగిన పాత తగవులు పిల్లలకు చెప్పడమెందుకని వారు అనవచ్చు. చెప్పకపోయినంత మాత్రాన ఆ తగవులు మరుగునపడవు. అవి అరుగుల మీద, పెండ్లిండ్లలో, ఎన్నికల వేళలలో సగం సగంగా వినిపిస్తూనే ఉంటాయి. సగం విన్న చరిత్ర మంట పెడుతుంది. సాక్ష్యాలతో, ఉభయపక్షాల న్యాయంతో పూర్తిగా విన్న చరిత్ర వివేకాన్ని ఇస్తుంది. ఆ పని చేయడానికి బడికన్న తగిన చోటు లేదు.

స్వరాష్ట్రం వెలుపలి తెలుగు మాధ్యమ పాఠశాల ఉనికి కూడా ఈ మూడు పాయల సంగమం మీదనే ఆధారపడి ఉంది. భాషాల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ప్రసాదించింది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సదుపాయాలు కల్పించాలని 1956లో చేర్చిన 350-ఎ అధికరణం రాష్ట్రాలను ఆదేశించింది. అది రాజకీయం ఇచ్చిన అండ. ఆ అండ ఫలించాలంటే పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు కావాలి. అది సమాజం చేయవలసిన పని. పిల్లలు చదివి ఆనందించదగిన తెలుగు బడిలో వినిపించాలి. అది సంస్కృతి పని. మూడింటిలో ఏ ఒక్కటి సడలినా, రాజ్యాంగంలో అక్షరం నిలిచే ఉంటుంది గాని బడిలో బల్లలు ఖాళీ అవుతాయి.

డెబ్బదియైదు వసంతాలు నిండిన పాఠశాలకు ప్లాటినం జూబిలీ ఒక పండుగ, ఒక ఆత్మపరీక్ష. ఈ కాలంలో ఆ బడిలో ఓనమాలు దిద్దిన ప్రతివారూ తెలిసో తెలియకో ఈ చరిత్రకు వారసులే. మాతృభాషను గౌరవించుకొంటూ, ఉంటున్న నేల భాషను ప్రేమిస్తూ, తమకన్న బలహీనుల భాషకు చోటిచ్చే పౌరులుగా ముందు తరం ఎదగాలన్నది ఈ వారసత్వం కోరే బాధ్యత. ముప్పై రూపాయల జీతంతో కొండ దిగువ బడిలో చరిత్ర చెప్పిన ఒక ఉపాధ్యాయుడు ఆ బాధ్యతను ఆచరించి చూపారు. ఆ బాట తరగతి గది నుండే మొదలవుతుంది.